అమ్మోనియాను విడగొట్టాలా, వాడుకోవాలా?

కాకినాడలో పాత నాగార్జున ఎరువుల కర్మాగారం ఉన్న చోట ఏడాదికి 10 లక్షల టన్నుల హరిత అమ్మోనియా తయారు చేయడానికి ఏఎం గ్రీన్ సంస్థ 2024 ఆగస్టులో తుది పెట్టుబడి నిర్ణయం ప్రకటించింది. ఆ సరుకు ప్రధానంగా విదేశాలకు పోయేదే. అక్కడ ఓడ దిగాక కొంత అమ్మోనియాగానే వాడతారు, కొంత మళ్లీ విడగొట్టి హైడ్రోజన్ తీస్తారు. అలా తీసే యంత్రాల్లో ప్రపంచం ఇప్పుడు ఆశగా చూస్తున్నది మెంబ్రేన్ రియాక్టర్, అంటే పలచటి పొర ఉన్న రియాక్టర్.

దీనికీ నల్లమల అంచున ఉన్న అర్ధవీడుకూ ఏం సంబంధం అని అడగవచ్చు. సంబంధం ఎండతో ఉంది, భూమితో ఉంది, ఎరువు బస్తాతో ఉంది. ఈ సంవాదంలో మాట్లాడేది ఆ ప్రాంతం వాళ్లు ఇద్దరు. మామ జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాడు. ఇప్పుడు కంది, మిరప వేస్తున్నాడు. మేనల్లుడు కెమికల్ ఇంజనీరు. ఎరువుల కర్మాగారంలో పనిచేసి హైడ్రోజన్ వైపు మళ్లాడు. ఇద్దరూ మొహమాటం లేకుండా వాదించుకున్నారు.

మామ: ముందు నాకీ సంగతి తేల్చు అల్లుడూ. కరెంటు పెట్టి నీళ్లను విడగొట్టి హైడ్రోజన్ తీస్తారు. దానికి గాలిలోని నత్రజని కలిపి అమ్మోనియా చేస్తారు. ఓడెక్కిస్తారు. దిగినాక మళ్లీ దాన్ని విడగొట్టి అదే హైడ్రోజన్ తీస్తారు. చేతిలో ఉన్నదాన్ని చేతిలో ఉన్నట్టే పంపక, మధ్యలో ఈ కలపడం, విడగొట్టడం ఎందుకు?

అల్లుడు: హైడ్రోజన్‌ను మోయడమే కష్టం కాబట్టి మామా. దాన్ని ద్రవం చేయాలంటే మైనస్ 253 డిగ్రీల దాకా చల్లబరచాలి. శ్రీహరికోటలో క్రయోజెనిక్ ఇంజన్‌కు అట్టానే నింపుతారు. రాకెట్‌కు ఆ ఖర్చు చెల్లుతుంది, సరుకుల వ్యాపారానికి చెల్లదు. అమ్మోనియా మైనస్ 33 డిగ్రీలకే ద్రవమవుతుంది. చల్లబరచకపోయినా 25 డిగ్రీల దగ్గర 10 వాతావరణాల పీడనం పెడితే చాలు. పైగా ఘనపు మీటరు ద్రవ హైడ్రోజన్‌లో ఉండేది 71 కిలోల హైడ్రోజన్. చల్లబరిచిన ద్రవ అమ్మోనియాలో అదే ఘనపు మీటరుకు దాదాపు 120 కిలోల హైడ్రోజన్ ఉంటుంది. పత్తిని విడిగా లారీకెత్తితే కొద్ది క్వింటాళ్లకే బండి నిండిపోతుంది, అందుకే బేళ్లు కడతాం. మిల్లు చేరాక బేలు విప్పక తప్పదు. అమ్మోనియా హైడ్రోజన్‌కు కట్టిన బేలు.

మామ: బేలు కట్టినా విప్పినా పత్తి తూకం తగ్గదు. ఇక్కడ ఎంత తగ్గుతుందో తర్వాత లెక్క తీద్దాం. ముందు ఆ విప్పే పనిలో కొత్తేముందో చెప్పు. నత్రజని, హైడ్రోజన్ కలిపి అమ్మోనియా చేయవచ్చని 1909లో ఫ్రిట్జ్ హేబర్ చూపించాడు. 1913లో జర్మనీలోని ఒపావులో కర్మాగారమే పెట్టారు. ఆ చర్య రెండు వైపులా నడుస్తుందని తొమ్మిది, పది తరగతుల పిల్లలకు నేనే చెప్పినా. వేడి చేసి ఉత్ప్రేరకం మీదుగా పంపితే అమ్మోనియా విడిపోతుంది. లోహాలను వేడిచేసి మెత్తబరిచే కొలిముల్లో ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నారు గదా.

అల్లుడు: విడగొట్టడం పాతదే. విడగొడుతూనే వేరుచేయడం కొత్త. మామూలు పద్ధతిలో చౌకైన నికెల్ ఉత్ప్రేరకం వాడితే 600 డిగ్రీలు దాటాలి. చాలాచోట్ల 800, 900 దాకా పోతారు. అంతా అయ్యాక చేతికొచ్చేది హైడ్రోజన్ ఒక్కటే కాదు. మూడు వంతుల హైడ్రోజన్, ఒక వంతు నత్రజని, విడిపోకుండా మిగిలిన కొంచెం అమ్మోనియా కలిసి వస్తాయి. వాహనాల ఫ్యూయల్ సెల్‌కు ఇచ్చే హైడ్రోజన్‌లో అమ్మోనియా కోటి భాగాల్లో ఒక భాగానికి మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం. కాబట్టి శుద్ధి చేయడానికి వెనకాల ఇంకో పెద్ద యంత్రం పెట్టాలి. మెంబ్రేన్ రియాక్టర్‌లో ఈ రెండు పనులూ ఒకే గొట్టంలో జరుగుతాయి.

మామ: ఆ గొట్టం ఎట్టా ఉంటుందో కళ్లకు కట్టేట్టు చెప్పు.

అల్లుడు: బొటనవేలంత లావు గొట్టం అనుకో. సన్నటి రంధ్రాలున్న పింగాణీతోనో స్టీలుతోనో చేస్తారు. దాని పైన పల్లాడియం, వెండి కలిపిన లోహం పూత ఉంటుంది. ఆ పూత మందం నాలుగైదు మైక్రాన్లు. మన తలవెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. ఈ గొట్టాన్ని ఇంకో పెద్ద గొట్టంలో నిలబెట్టి, రెంటి మధ్య ఖాళీలో ఉత్ప్రేరకం గుళికలు నింపుతారు. రుథీనియం వాడితే 400, 450 డిగ్రీలు సరిపోతాయి. పీడనంతో అమ్మోనియా ఆ గుళికల మధ్యకు వచ్చి విడిపోతుంది. పుట్టిన హైడ్రోజన్ అణువు పల్లాడియానికి తగలగానే రెండు పరమాణువులుగా చీలుతుంది. ఆ పరమాణువులు లోహంలో కరిగి, అవతలి వైపుకు నడిచి, అక్కడ మళ్లీ జత కట్టి బయటికొస్తాయి. నత్రజనికి ఆ దారి లేదు. అమ్మోనియాకూ లేదు. లోపలి గొట్టంలోకి వచ్చేది హైడ్రోజన్ మాత్రమే.

మామ: పల్లాడియం హైడ్రోజన్‌ను పీల్చుకుంటుందని థామస్ గ్రాహం 1866లోనే రాశాడు. నూట యాభై ఏళ్ల కిందటి సంగతి ఇప్పుడు పనికొచ్చిందన్నమాట. ఇందులో నాకు ఇంకో మేలు కనబడుతోంది. రెండు ఘనపరిమాణాల అమ్మోనియా విడిపోతే నాలుగు ఘనపరిమాణాల వాయువులవుతాయి. లె షాటెలియర్ సూత్రం ప్రకారం పీడనం పెంచితే చర్య వెనక్కి మళ్లుతుంది. అందుకని మామూలు రియాక్టర్‌లో పీడనం శత్రువు. ఇక్కడ హైడ్రోజన్‌ను పుట్టింది పుట్టినట్టే లాగేస్తుంటే, చర్య ముందుకే నడవాలి.

అల్లుడు: అసలు కిటుకు అదే మామా. మామూలు రియాక్టర్‌లో అడ్డొచ్చే పీడనమే ఇక్కడ హైడ్రోజన్‌ను పొరలోంచి అవతలికి తోస్తుంది. రుథీనియం మీద హైడ్రోజన్ పేరుకుంటే దాని పని మందగిస్తుంది, ఆ ఇబ్బందీ తగ్గుతుంది. వేడి తక్కువ, యంత్రం చిన్నది, వెనకాల శుద్ధి యంత్రం భారమూ తక్కువ. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ 2018 ఆగస్టులో బ్రిస్బేన్‌లో అమ్మోనియా నుంచి లోహపు పొరతో తీసిన హైడ్రోజన్‌ను టొయోటా మిరాయ్, హ్యుందాయ్ నెక్సో కార్లలో నింపి నడిపి చూపించింది. వాళ్లు గొట్టాన్ని వనేడియంతో చేసి, పైన పల్లాడియం పలచగా పూశారు.

మామ: అంటే పల్లాడియం ఖరీదు వాళ్లకూ భారంగానే తోచిందన్నమాట.

అల్లుడు: ఖరీదైందే. దాన్లో ఎక్కువ భాగం రష్యా, దక్షిణాఫ్రికా గనుల నుంచే రావాలి. అయితే అయిదు మైక్రాన్ల పూతకు చదరపు మీటరుకు 60 గ్రాములు సరిపోతుంది. పొర పాతబడ్డాక కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. పల్లాడియం ధర కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది సూదిమొనంత రంధ్రం. అంత పలచటి పూతలో ఎక్కడ చిన్న రంధ్రం పడినా అమ్మోనియా, నత్రజని జొరబడతాయి. పింగాణీ గొట్టాన్ని స్టీలు మూతకు అతికించే చోట ఇంకా కష్టం. వేడికి రెండూ ఒకేలా సాగవు. 300 డిగ్రీల కంటే తక్కువ వేడిలో హైడ్రోజన్ తగిలితే ఉత్త పల్లాడియం పెళుసుబారుతుంది. వెండి కలిపితే ఆ ప్రమాదం తగ్గుతుంది గానీ యంత్రాన్ని ఆపేటప్పుడూ నడిపేటప్పుడూ జాగ్రత్త తప్పదు.

మామ: అవతలికొచ్చిన హైడ్రోజన్ పీడనం ఎంత?

అల్లుడు: తక్కువ. ఈ రియాక్టర్ బలహీనతల్లో అదొకటి. అటూ ఇటూ హైడ్రోజన్ పీడనంలో తేడా ఉంటేనే పొరలోంచి నడుస్తుంది. ఇవతల 10 వాతావరణాలు, అవతల ఒకటి ఉందనుకో. ఇవతల హైడ్రోజన్ వాటా తగ్గుతూ తగ్గుతూ దాని సొంత పీడనం ఒక వాతావరణానికి దిగితే ఇక కదలదు. ఆ లెక్కన ఎంత మంచి పొరైనా నూటికి 96 వంతులకు మించి లాగలేదు. ఆచరణలో ఇంకా తక్కువే. మిగిలింది పారేయం, రియాక్టర్‌ను వేడి చేయడానికి మండిస్తాం. అవతల ఒక వాతావరణం దగ్గర వచ్చిన హైడ్రోజన్‌ను వాహనంలో నింపాలంటే 350 గానీ 700 గానీ వాతావరణాలకు కుదించాలి. దానికీ కరెంటు కావాలి.

మామ: నువ్వే దారిలోకి వచ్చావు. ఇప్పుడు లెక్క వేద్దాం. కిలో అమ్మోనియా చేయడానికి మొత్తం ఎన్ని యూనిట్లు?

అల్లుడు: నీళ్లను విడగొట్టడం, నత్రజని వేరుచేయడం, కలపడం అన్నీ కలిపి 10 యూనిట్లు అటూ ఇటూ.

మామ: కిలో హైడ్రోజన్‌కు ఎంత అమ్మోనియా?

అల్లుడు: అమ్మోనియా బరువులో హైడ్రోజన్ 17.6 శాతం. కాగితం మీద 5.7 కిలోలు చాలు. కానీ విడగొట్టడానికి వేడి ఇవ్వాలి. కిలో హైడ్రోజన్‌కు కనీసం 4.2 యూనిట్ల వేడి, అంటే ఆ హైడ్రోజన్‌లో ఉన్న శక్తిలో 13 శాతం. అదీ పొగగొట్టంలో పోయే వేడీ కలుపుకుంటే 6.8 కిలోల దాకా పడుతుంది.

మామ: అంటే 68 యూనిట్ల కరెంటు. ఆ కిలో హైడ్రోజన్‌ను ఫ్యూయల్ సెల్‌లో పెడితే తిరిగొచ్చే కరెంటు?

అల్లుడు: హైడ్రోజన్‌లో ఉన్నది 33 యూనిట్లు. ఫ్యూయల్ సెల్ దాన్లో సగం ఇస్తుంది. 17 యూనిట్లనుకో.

మామ: నాలుగు పోస్తే ఒకటి తిరిగొచ్చింది. మన నల్లమల అవతల నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కట్టారు. నీళ్లను పైకి తోడి, కిందికి వదిలి కరెంటు తీస్తారు. అది నూటికి 75 వంతులైనా తిరిగిస్తుంది. బ్యాటరీ ఇంకా ఎక్కువ ఇస్తుంది. డబ్బు లెక్క కూడా చూడు. 2025లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెకీ పెట్టిన వేలంలో హరిత అమ్మోనియా కిలో 50 నుంచి 65 రూపాయల మధ్య పలికింది. 55 వేసుకున్నా కిలో హైడ్రోజన్‌కు అమ్మోనియా ఖర్చే 370 రూపాయలు దాటింది. దాంతో తీసే కరెంటు యూనిట్ 22 రూపాయలు. ఇంకా రియాక్టర్ ఖర్చు, పొర ఖర్చు, కంప్రెసర్ ఖర్చు వేయలేదు. నా బోరు మోటారును దీంతో నడపమంటావా?

అల్లుడు: అననే అనను మామా. తీగ ఉన్నచోట కరెంటును కరెంటుగానే వాడాలి. పగటి ఎండను రాత్రికి దాచాలంటే బ్యాటరీ, పంప్డ్ స్టోరేజీ ఉన్నాయి. నల్లమల లోపలి చెంచు గూడేలకు కూడా సోలార్ పలకలు, బ్యాటరీయే మేలు. అమ్మోనియా దారి వీటికోసం కాదు. జపాన్, జర్మనీ, కొరియా ఉన్నాయి. వాటికి కావాల్సినంత ఎండ లేదు, చాలినంత ఖాళీ భూమి లేదు. మన దగ్గరి నుంచి అక్కడికి తీగ వేయలేం. ఆ దేశాలకు ఎండను పంపాలంటే ఓడలో పట్టే రూపంలోకి మార్చాలి. నాలుగో వంతే మిగిలినా, వాళ్ల దగ్గర బొత్తిగా లేనిదాన్ని ఇస్తున్నాం.

మామ: అయినా అక్కడ కూడా విడగొట్టడం ఎందుకు? జపాన్‌లో జెరా సంస్థ 2024లో హెకినాన్ థర్మల్ కేంద్రంలో బొగ్గుతో పాటు 20 శాతం అమ్మోనియాను నేరుగా మండించి చూసింది. ఓడ ఇంజన్లను కూడా అమ్మోనియాతో నడిచేట్టు తయారు చేస్తున్నారు. నేరుగా మండేదాన్ని విడగొట్టి నష్టపోవడం దేనికి?

అల్లుడు: నేరుగా మండించగలిగిన చోట నేరుగానే మండించనీ. కానీ అమ్మోనియా నెమ్మదిగా మండుతుంది, సరిగా మండించకపోతే నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి. అవి గాలిని పాడుచేస్తాయి. ఉక్కు చేయడానికి ఇనుప ఖనిజంలోంచి ఆక్సిజన్ లాగాలంటే హైడ్రోజన్ సరిగ్గా సరిపోతుంది. పెట్రోలు శుద్ధి కర్మాగారానికి గంధకం తీయడానికి హైడ్రోజనే కావాలి. ఫ్యూయల్ సెల్ లారీలకూ అదే. అట్టాంటి చోట విడగొట్టక తప్పదు. తప్పనప్పుడు తక్కువ వేడిలో, తక్కువ జాగాలో, శుద్ధంగా విడగొట్టే యంత్రం ఉండటం మంచిదే గదా. రేవు దగ్గర అమ్మోనియాను విడగొట్టే కొండంత క్రాకర్ ఒక్కటే కట్టే పని లేకుండా, నింపే బంకు పక్కనే చిన్న యూనిట్ పెట్టుకోవచ్చు.

మామ: బంకు పక్కన అమ్మోనియా ట్యాంకు! 2020 జూన్‌లో నంద్యాలలో ఒక కర్మాగారంలో అమ్మోనియా లీకై ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. గిద్దలూరు ఘాటు దిగితే నంద్యాల. ఆ వార్త మనకు దూరపు వార్త కాదు. గాలిలో పది లక్షల్లో 300 వంతులు చేరితే చాలు, ప్రాణానికే ముప్పు. గాలిలో తేమతో కలిస్తే తెల్లటి మేఘంలా నేల మీదే పాకుతుంది. ఊపిరితిత్తులనూ కళ్లనూ కాలుస్తుంది.

అల్లుడు: ఆ భయాన్ని నేను తక్కువ చేయను. కానీ ఒకటి చూడు. మన మిరపకాయలు గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో పెడుతున్నాం. వాటిని చల్లబరిచేది అమ్మోనియానే. మనం దశాబ్దాలుగా దాని పక్కనే ఉన్నాం. దాని ఘాటు ప్రమాదానికి చాలా ముందే ముక్కుకు తెలిసిపోతుంది. హైడ్రోజన్‌కు ఆ వాసన కూడా లేదు. వాయువును గుర్తించే సెన్సార్లు, నీటి తెరలు, వాటంతట అవే మూసుకునే వాల్వులు, చుట్టూ తగినంత ఖాళీ ఉంటే నడపవచ్చు.

మామ: ముక్కుకు తెలియడం ఒకటి, తెలిసినాక ఎటు పరుగెత్తాలో తెలియడం ఇంకొకటి. కోల్డ్ స్టోరేజీలో ఉండేది కొద్ది టన్నులు. అది కూడా మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. నువ్వు చెప్పే బంకులో రోజూ ట్యాంకర్ వస్తుంది, గొట్టం తగిలిస్తారు, విప్పుతారు. చాలా లీకులు ఆ తగిలించే చోటే జరుగుతాయి. కర్మాగారంలో శిక్షణ పొందిన మనుషులుంటారు. ఊరి బంకులో ఎవరుంటారు?

అల్లుడు: ఇది ఒప్పుకోవాల్సిన మాటే. జనం మధ్య బంకుల్లో వద్దు. రేవుల్లో, పరిశ్రమల ఆవరణల్లో, అమ్మోనియాతో పనిచేయడం తెలిసిన మనుషులున్న చోట మాత్రమే పెట్టాలి. ఈ మేరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

మామ: ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వద్దాం. 2025 వానాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లో రైతులు యూరియా కోసం వరసల్లో నిలబడ్డారు. 45 కిలోల బస్తా, 266 రూపాయల 50 పైసలు. అంత చవకైన బస్తా చేతికి రాక పైరు పచ్చదనం తప్పింది. ఒక బస్తా యూరియాకు 26 కిలోల అమ్మోనియా చాలు. కాకినాడలో 10 లక్షల టన్నులు చేసి ఓడెక్కించి, అవతల విడగొట్టి కార్లలో పోస్తామంటే, వరసలో నిలబడ్డ రైతుకు నువ్వేం చెప్తావు?

అల్లుడు: చెప్పాల్సింది ఒకటుంది మామా, ఇది చాలామందికి తెలియదు. యూరియా చేయడానికి అమ్మోనియా ఒక్కటే చాలదు, బొగ్గుపులుసు వాయువు కావాలి. సహజవాయువుతో అమ్మోనియా చేసే కర్మాగారంలో ఆ వాయువు అక్కడికక్కడే పుడుతుంది కాబట్టి యూరియా సులువు. నీళ్లనూ ఎండనూ వాడి చేసే హరిత అమ్మోనియాలో కర్బనమే లేదు. దాన్ని యూరియా చేయాలంటే ఆ వాయువును ఇంకెక్కడి నుంచో పట్టి తేవాలి.

మామ: అయితే డీఏపీకి? దానికి కర్బనం అక్కర్లేదు గదా. ఫాస్ఫారిక్ ఆమ్లం, అమ్మోనియా చాలు.

అల్లుడు: అక్కర్లేదు. నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం. డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులు చేసే కర్మాగారాలు మన విశాఖలో ఉన్నాయి, కాకినాడలో ఉన్నాయి. దేశం ఏటా లక్షల టన్నుల అమ్మోనియాను బయటి నుంచి కొంటోంది. సెకీ వేలం పెట్టింది కూడా ఇట్టాంటి ఎరువుల కర్మాగారాలకు ఇవ్వడానికే.

మామ: మరి వాదన తేలిపోయినట్టే. మన రేవులో అమ్మోనియా దిగుమతి చేసుకుంటూ, అదే రేవు నుంచి అమ్మోనియా ఎగుమతి చేస్తామా? ముందు మన ఎరువుకు ఇవ్వాలి. అక్కడ ఒక్క కిలో కూడా విడగొట్టే పని లేదు, కాబట్టి నష్టమూ లేదు.

అల్లుడు: ధర అడ్డం మామా. సహజవాయువుతో చేసిన అమ్మోనియా మామూలు రోజుల్లో హరిత అమ్మోనియా కంటే చవక. తేడా ఎవరో ఒకరు భరించాలి. ఐరోపా కొనుగోలుదారు కర్బన నిబంధనల వల్ల ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడతాడు. ఆ డబ్బుతో మొదటి కర్మాగారాలు నిలబడితే, తర్వాతి వాటిలో ఖర్చు తగ్గుతుంది. అప్పుడు మన ఎరువుకూ అందుతుంది. కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్లతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ మంజూరు చేసింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. ఎగుమతి లేకుండా అంత కొనేవాళ్లు దేశంలోనే దొరకరు.

మామ: ఆ లక్ష్యానికి భూమి ఎక్కడిది? కాకినాడ కర్మాగారం రేవులో ఉంటుంది. దానికి కరెంటు ఇచ్చే సోలార్ పలకలు రేవులో ఉండవు. కిలోకు 10 యూనిట్లంటే 10 లక్షల టన్నులకు వెయ్యి కోట్ల యూనిట్లు. అంతా ఎండతోనే తీయాలంటే 5 వేల మెగావాట్లు దాటుతుంది. మెగావాటుకు అయిదెకరాలు వేసినా పాతికవేల ఎకరాలు. గాలిమరలు కలిపితే కొంత తగ్గుతుంది. ఆ ఎకరాలు రాయలసీమవీ, మన పాత ప్రకాశం పడమటి వైపువీ, ఇట్టాంటి మెట్ట ప్రాంతాలవీ. ఎండ మనది, భూమి మనది, ఉద్యోగం కోస్తాది, హైడ్రోజన్ జర్మనీది. ఇదేం న్యాయం?

అల్లుడు: భూమి సంగతిలో నీ కోపం న్యాయమే. నీళ్ల సంగతిలో మాత్రం జనంలో ఉన్న భయం లెక్కకు నిలవదు. కిలో హైడ్రోజన్‌కు 9 లీటర్ల నీళ్లు కావాలి. శుద్ధిలో పోయేది కలిపితే రెట్టింపు వేసుకో. 10 లక్షల టన్నుల అమ్మోనియాకు అంతా కలిపి టీఎంసీలో పదో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. చల్లబరచడానికి వాడేది వేరే లెక్క. దానికి సముద్రం నీళ్లు వాడుకోవచ్చు.

మామ: పదో వంతు టీఎంసీ రేవులో చిన్నదే. మన దగ్గర అట్టా కాదు. వెలిగొండ సొరంగాలతో శ్రీశైలం జలాశయం నుంచి 43.5 టీఎంసీలు తేవాలని, 4.47 లక్షల ఎకరాలు తడపాలని తలపెట్టారు. సుంకేసుల, గొట్టిపడియ, మన మండలంలోని కాకర్ల గండ్లు పూడ్చి నల్లమల సాగర్ కట్టారు. మొదటి శంకుస్థాపన 1996లో జరిగింది. ఆనాడు నా దగ్గర చదివిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన తరాన్ని నేను కళ్లారా చూశా. ఆ కాలువల కింద తడుస్తుందని ఎదురుచూసిన పొలాన్నే పలకలకు ఇమ్మంటే ఎట్టా?

అల్లుడు: ఇవ్వకూడదు. ఆయకట్టు కింద వచ్చే నేల జోలికి పోకూడదు. రాళ్ల బీళ్లు, సాగుకు పనికిరాని నేల చాలా ఉంది. అక్కడ కూడా అమ్మకం కాకుండా కౌలు పద్ధతి ఉండాలి, కౌలు ఏటేటా పెరగాలి, మేకలు గొర్రెలు మేపుకునే వాళ్లకు దారి వదలాలి. మా రంగం వాళ్లు ఈ సంగతులు ముందే మాట్లాడి ఉండాల్సింది. యంత్రం సామర్థ్యం మీద వంద పేజీలు రాస్తాం, పలకల కింద పోయే మేత గురించి పేజీ రాయం.

మామ: సరే, ఇంత విన్నాక నా మాట చెప్తా. నేను ఈ మెంబ్రేన్ రియాక్టర్‌ను కాదనడం లేదు. అది తెలివైన పనిముట్టు. నా వ్యతిరేకత దాన్ని అన్నిటికీ మందులా చూపించడం మీద. మన రాష్ట్రంలో హైడ్రోజన్ కావాల్సిన చోట నీళ్ల నుంచి అక్కడికక్కడే తీసుకోవచ్చు. అమ్మోనియా చేసి మళ్లీ విడగొట్టే దండుగ మనకొద్దు. ఇక్కడ పుట్టిన అమ్మోనియాను ఇక్కడ అమ్మోనియాగానే, ఎరువుగానే వాడాలి.

అల్లుడు: నేనూ దానికి దగ్గరగానే వచ్చా మామా. విడగొట్టే చోటు సముద్రం అవతల, తీగ చేరని దేశాల్లో, హైడ్రోజనే కావాల్సిన పరిశ్రమల ఆవరణల్లో. కానీ ఒకటి వదులుకోను. విడగొట్టే యంత్రం ఇక్కడ తయారు కావాలి. హైదరాబాద్ పరిశోధన సంస్థల్లో ఐఐసీటీ నీటిశుద్ధి పొరలు చేస్తోంది. ఏఆర్‌సీఐ లోహాల పూతల మీద, ఫ్యూయల్ సెల్స్ మీద పనిచేస్తోంది. రంధ్రం పడని పూత, వేడికి విడిపోని అతుకు, రుథీనియం బదులు చవకైన ఉత్ప్రేరకం... ఈ మూడూ మన ప్రయోగశాలల్లో తేలితే, మనం అమ్మోనియా ఒక్కటే అమ్ముకునే దేశంగా మిగలం. మార్కాపురం, గిద్దలూరు వైపు పాలిటెక్నిక్ చదివిన పిల్లలకు పలకలు తుడిచే పని కంటే మంచి పని దొరుకుతుంది.

మామ: ఆ పని దొరికితే మొదట సంతోషించేది నేనే. పాఠం చెప్పినవాణ్ణి గదా.

ఇద్దరి మాటలూ విన్నాక ఈ రచయితకు తోచిన తీర్పు ఇది. మెంబ్రేన్ రియాక్టర్ అమ్మోనియా నుంచి హైడ్రోజన్ తీసే మార్గాల్లో మెరుగైనది అవుతుంది, కానీ ఆ మార్గంలో నడవాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. పోసిన నాలుగు యూనిట్లలో మూడు పోయే దారి, ఇంకే దారీ లేని చోటికే తగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో తయారయ్యే హరిత అమ్మోనియాలో మొదటి వాటా మన ఎరువుల కర్మాగారాలకు దక్కేలా రాష్ట్రం, కేంద్రం కలిసి ధర తేడాను భరించాలి. ఎగుమతికి పోయే వాటా మీద వచ్చే ఆదాయంలో కొంత, పలకలకు నేలనిచ్చిన మండలాల తాగునీటికి, చదువుకు కేటాయించాలి.

అర్ధవీడు, కంభం, మార్కాపురం, గిద్దలూరు పాఠకులకు ఒక మాట. సోలార్ భూమి కోసం రేపు మీ గ్రామసభకు ఎవరైనా కాగితాలు తెస్తే, ఆ కరెంటు ఎక్కడికి పోతుందో, ఏ రూపంలో పోతుందో, అందులో ఎంత మిగులుతుందో అడగండి. జవాబు అంకెల్లో, రాతపూర్వకంగా తీసుకోండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.